కింది అంతస్తు చిన్నకోడలికి

షాపు మేడ మీద, కిటికీ గది
జూన్ 4

పెద్దోడికి,

నీ ఉత్తరంలో ఒక తప్పు ఉంది. ముందు అది దిద్దుకో, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. "మాజీ కోడలు" అని రాశావు. మాజీ అయింది మీ తమ్ముడు. వాడు కోర్టులో సంతకం పెట్టి భార్యను వదులుకున్నాడు, అది వాడి ఇష్టం. నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. నా కోడల్ని నేను వదులుకోలేదు. వదులుకుంటావా అని నన్నెవరూ అడగనూ లేదు. పదకొండేళ్ళ క్రితం వాడు సూట్‌కేసు పట్టుకుని మెట్లు దిగుతుంటే ఆ పిల్ల కింద మన బైండింగు షాపులో రెండువందల హాజరు పుస్తకాలకి అట్టలు అతికిస్తోంది. జిగురు ఆరిపోతుందని తలెత్తలేదు. వాడు వెళ్ళిపోయాడు. పుస్తకాలు మర్నాడు పొద్దున బడికి చేరాయి. ఇద్దరిలో ఎవరు మాజీయో నాకు ఆ రోజే తెలిసింది.

ఇక నువ్వు పంపిన దానపత్రం నమూనా. కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివాను. "ప్రేమాభిమానాలతో, ఎవరి ఒత్తిడీ లేకుండా" ఈ భవనం మొత్తం నా ఇద్దరు కొడుకులకు ఇప్పుడే ఇచ్చేస్తున్నానట. ప్రేమాభిమానాలు ఉన్నాయి, కాదనను. ఒత్తిడి లేదన్నదే అబద్ధం. నెలలో మూడు ఉత్తరాలు రాశావు, పైగా ఒక పెన్ను బహుమతిగా పంపావు. పెన్ను బాగుంది. ఈ ఉత్తరం దాంతోనే రాస్తున్నాను. దానపత్రం మీద మాత్రం దాని మూత కూడా తీయను.

ఇంకో సంగతి. పక్క మందుల షాపాయన మొన్న టేపు పట్టుకొచ్చి మన గోడ కొలిచాడు.

"ఏం కొలుస్తున్నారండీ?" అన్నాను.

"ఊరికే అమ్మగారూ, గోడ ఎంతుందో చూద్దామని."

"అయితే నన్నూ కొలుచుకోండి, నేనూ సామానులో భాగమే కదా."

పాపం, టేపు చుట్టుకోవడం మరిచిపోయి ఈడ్చుకుంటూ వెళ్ళాడు. ఆయనకి మన గోడ మీద ఇంత ప్రేమ ఎక్కడినుంచి పుట్టిందో నీకు తెలిస్తే రాయి. తెలియకపోతే తెలియదని రాయి. రెండూ రాయకపోతే తెలుసనే అనుకుంటాను.

ఫోను చేయకు. ఫోనులో నువ్వు "ఊఁ" అంటావు. ఆ ఊఁ అవునో కాదో ముప్పై ఏళ్ళుగా నీ పెళ్ళానికే అంతుపట్టలేదు. కాగితం మీద రాయి, ఇద్దరికీ మంచిది.

అమ్మ


బ్యాంకు, లాకర్ల గది పక్క బల్ల
జూన్ 15

అమ్మకి,

నమస్కారం. మేమంతా క్షేమం. కాళ్ళ వాపు తగ్గిందా? డాక్టరు దగ్గరికి వెళ్ళావా? దీనికి జవాబు రాయవని తెలిసినా అడుగుతున్నాను.

నేనేదో ఆస్తి లాక్కోవాలని చూస్తున్నట్టు రాశావు. నా పని నీకు తెలుసు. పోయినవాళ్ళ పిల్లలు కాగితాలు పట్టుకుని రోజూ నా బల్ల ముందు నిలబడతారు. ఒకే కడుపున పుట్టినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా రెండు కుర్చీల్లో చెరో గోడవైపు తిరిగి కూర్చుంటారు. మనకి ఆ గతి పట్టకూడదనే ముందే రాసిచ్చేయమన్నాను. రాసిచ్చినా నిన్ను ఎవరు కదిలిస్తారు? నీ గదిలో నువ్వే ఉంటావు, నీ షాపు నువ్వే చూసుకుంటావు.

ఆమె మంచిదే, కష్టపడింది, కాదనను. జీతం తీసుకుంది కదా. కోడలని నువ్వు అంటావు, చట్టం అనదు. తమ్ముడితో తెగిపోయిన రోజునే ఆమెకి మనతో తెగిపోయింది. నాన్న కట్టి నీ పేర పెట్టిన షాపు బయటి మనిషి చేతికి వెళ్తే నలుగురూ ఏమంటారు?

మందుల షాపాయన సంగతి నాకు అంతగా తెలియదు.

నీ పెద్దబ్బాయి


షాపు మేడ మీద
జూలై 2

పెద్దోడికి,

"అంతగా" అన్న మాట చూశాను. చాలు, జవాబు వచ్చేసింది.

నువ్వు నాకు ఒక మేలు చేశావు. నీ దానపత్రాన్ని ఎవరికైనా చూపించాలనిపించి, చిన్నకోడలికి చెప్పకుండా ఒక లాయరమ్మ దగ్గరికి వెళ్ళాను. నీకంటే చిన్నది, నాకంటే మొండిది. ఆఫీసు మూడో అంతస్తులో. ఆ గదిలో ఫైళ్ళకి ఉన్న చోటు మనుషులకి లేదు. నేనో స్టూలు మీద, నా సంచి నా ఒళ్ళో.

"మీరు ఏమీ రాయకుండా పోతే ఏమవుతుందో తెలుసా అమ్మా?" అంది.

"ఏడుస్తారు."

"ఆ తర్వాత?"

"పంచుకుంటారు."

"ఎవరెవరు?"

"కొడుకులిద్దరూ."

"మరి మీ చిన్నకోడలు?"

"ఆమె ఏడుస్తుంది."

"అంతే. ఆమె వంతు అంతవరకే" అంది.

పందొమ్మిదేళ్ళు నా పక్కన పనిచేసిన మనిషి వంతు కాసిని కన్నీళ్ళు.

దానపత్రం అయితే సంతకం ఆరేలోపే ఆస్తి చేతులు మారుతుందట, మళ్ళీ రమ్మంటే రాదట. వీలునామా అయితే నేను బతికున్నన్నాళ్ళూ అన్నీ నావేనట. "రోజుకొకసారి మార్చుకున్నా మిమ్మల్ని అడిగేవాళ్ళు లేరు" అంది. "రోజూ ఎందుకులే, పెద్దోడి ఉత్తరం వచ్చినప్పుడల్లా చాలు" అన్నాను.

నువ్వు దాచినట్టు నేను దాచను, విను. కింది అంతస్తు, అందులోని మెషిన్లు, షాపు పేరు, అన్నీ చిన్నకోడలికి. మేడ మీద నాలుగు గదులు నీకూ మీ తమ్ముడికీ చెరిసగం. మెట్లు షాపులోంచే కదా, మీరు పైకి వెళ్తుంటే ఆమె అడ్డుపడకూడదనీ, ఆమె పని చేసుకుంటుంటే మీరు అడ్డుపడకూడదనీ లాయరమ్మ మెట్లకే ఒక పేజీ కేటాయించింది. ఈ ఇంట్లో ఆ మెట్లకి ఇంత మర్యాద ఎప్పుడూ జరగలేదు.

నా బుర్ర సరిగ్గా పనిచేస్తోందని డాక్టరు కాగితం కూడా కావాలంది. ఆ కుర్ర డాక్టరు ఇవాళ తేదీ ఎంత, వారం ఏమిటి అని అడిగాడు. చెప్పి, "మీ అమ్మ పుట్టినరోజు ఎప్పుడు బాబూ?" అని అడిగాను. తడుముకున్నాడు. సర్టిఫికెట్ మాత్రం నాకే ఇచ్చాడు. సాక్షులు కూడా దీంట్లో పైసా రానివాళ్ళే ఉండాలట. ఎదురు వరుస కళ్ళజోళ్ళాయన, లైబ్రరీలో పనిచేసే ఆవిడ వచ్చారు. నా ఎదురుగా వాళ్ళు, వాళ్ళ ఎదురుగా నేను, ఆరు పేజీల మీదా సంతకాలు.

జాలి అనుకునేవు. జాలైతే చీర పెట్టి ఊరుకునేదాన్ని. నాలుగేళ్ళ క్రితం నా చేతులు వణకడం మొదలైంది. ఒక రోజు పొద్దున నేను కిందకి దిగేసరికి కటింగ్ మెషిన్ దగ్గర ఆమె నిలబడి ఉంది. "అత్తయ్యా, ఈ పేజీలు లెక్క చూడండి, నాకు ఎప్పుడూ తప్పుతోంది" అంది. ఆమెకి లెక్క ఏనాడూ తప్పలేదు. నా కత్తి తను తీసుకుని, అదేదో నాకు పెద్ద ఉద్యోగం ఇచ్చినట్టు కూర్చోబెట్టింది. నాతో గానీ ఇంకెవరితో గానీ ఆ మాట ఇంతవరకూ ఎత్తలేదు. నలుగురూ ఏమంటారన్నావుగా, ఆ నలుగురిలో ఒక్కరిని ఇంత మర్యాదగా ఒక్క పని చేసి చూపించమను.

అమ్మ


బ్యాంకు
జూలై 14

అమ్మకి,

ఉత్తరం అందింది.

మందుల షాపాయనతో మాట్లాడింది నేనే. నువ్వు సంతకం పెడితే కింది భాగం ఆయనకి అమ్మేద్దామనుకున్నాను. దాచడం తప్పే.

ఇప్పుడు నేనొకటి గుర్తుచేస్తాను. నాకు పద్నాలుగేళ్ళు. ఒక ఆఫీసు రిజిస్టర్లు కోస్తుంటే గీత తప్పి అరంగుళం లోపలికి కోసేశాను. పన్నెండు పుస్తకాలు పాడయ్యాయి. నాన్న తిట్టలేదు. నా నడుముకున్న గుడ్డ విప్పి మేకుకి తగిలించి, "నువ్వు చదువుకో, ఇది నీ పని కాదు" అన్నారు. అంతే. ఆ తర్వాత కౌంటరు దాటి లోపలికి రానివ్వలేదు. సెలవుల్లో వస్తానని ఎన్నిసార్లు అడిగానో నీకు తెలుసు. ఆ రోజు నువ్వు అక్కడే కూర్చుని ఉన్నావు, పేజీలు లెక్కపెడుతూ. తలెత్తలేదు. జిగురు ఆరిపోతుందని ఆమె తలెత్తకపోతే నీకు గొప్పగా కనిపించింది. నీ సంగతి నాకు అలా కనిపించలేదు.

ఆమెకి కత్తి ఇచ్చారు. నాకు బ్యాంకు పరీక్షల పుస్తకాలు ఇచ్చారు. నాకు దక్కనిది ఇంకొకరికి దక్కుతుంటే సంతోషించేంత పెద్ద మనసు నాకు లేదు. నీ వీలునామా మీద నేను కోర్టుకి వెళ్తాను. చాటుగా చేయడం ఇష్టం లేక ముందే చెబుతున్నాను.

పెద్దబ్బాయి


షాపు మేడ మీద
ఆగస్టు 1

పెద్దోడికి,

నీ ఉత్తరానికి పదిహేను రోజులుగా జవాబు రాయలేదు. రాసినవి నాలుగు చింపేశాను.

ఆ రోజు నేను మాట్లాడాల్సింది. మాట్లాడలేదు. మీ నాన్న మాటకి ఎదురు చెప్పే ధైర్యం నాకు ఆయన పోయాక గానీ రాలేదు, అప్పుడిక చెప్పడానికి ఎదురుగా ఎవరూ లేరు. తప్పు నాది. పోయినాయన మీదకి నెట్టను. కానీ ఒకటి తెలుసుకో. నీకు చేసిన అన్యాయానికి బదులుగా ఆ పిల్ల పొట్ట కొట్టి నీకు పెట్టమంటే మాత్రం పెట్టను. అది నా చేత కాదు, కాకూడదు కూడా.

కోర్టుకి వెళ్తానంటావు, వెళ్ళు. మంచి చొక్కా వేసుకుని వెళ్ళు. ఆ నీలం గళ్ళది వద్దు, అది వేసుకుంటే ఓడిపోయినవాడిలా ఉంటావు. నీ లాయరు వీలునామా ఎన్నిసార్లు తిరగేసినా ఒక్క కాగితం ఊడకుండా ఏర్పాటు చేశాను. లాయరమ్మ తెలివైనదే కానీ కాగితాల విషయంలో మోటు మనిషి. ఆరు పేజీలకీ మూలన రెండు స్టాప్లర్ పిన్నులు గుచ్చి చేతిలో పెట్టింది. వచ్చే వానాకాలానికి తుప్పు పట్టి కాగితాన్ని తినేసే రకం. యాభై ఏళ్ళు ఊరందరి పుస్తకాలూ కుట్టినదాన్ని, నా ఆఖరి మాట పిన్నుల మీద వేలాడుతుంటే చూస్తూ ఊరుకుంటానా? సన్నకత్తితో రెండు పిన్నులూ ఊడదీశాను, కాగితం చిరగకుండా. అయిదు చిల్లులు వేసి నార దారంతో నా చేత్తో కుట్టాను. వణుకుతూనే కుట్టాను, కుట్టు మాత్రం వణకలేదు. ముదురు నీలం గుడ్డ అట్ట. అట్ట అతికించి ప్రెస్సులో బిగించింది చిన్నకోడలు. లోపల ఏముందో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడది వందేళ్ళుంటుంది. నువ్వూ నీ లాయరూ పిడికిళ్ళు బిగించి లాగినా ఊడదు.

ఈ నెల ఇరవై నుంచి ఓ పదిరోజులు నేను ఇంట్లో ఉండను. ఉత్తరాలు రాసి తపాలా బిళ్ళలు దండగ చేయకు.

అమ్మ


బ్యాంకు, అందరూ వెళ్ళిపోయాక
ఆగస్టు 9
(కొరియర్‌లో)

అమ్మకి,

ఫోను చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తావు. పైగా ఇది కాగితం మీద ఉండాలి. చివరిదాకా చదువు.

నిన్న నీ కోడలు ఫోను చేసింది. పదకొండేళ్ళలో మొదటిసారి. "బావగారూ, అత్తయ్యకి ఇరవయ్యో తేదీ గుండె ఆపరేషన్. మీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఆ ఒట్టేదో నాకే తగలనివ్వండి, మీకు తెలియాలి" అంది. నువ్వు ఇంట్లో ఉండనని రాసిన పదిరోజులు ఇవీ.

ఆ వీలునామా చెల్లకపోవచ్చమ్మా.

సంతకాలయ్యాక వీలునామా పిన్నులు తీయకూడదు. తీస్తే చిల్లులు మిగులుతాయి. ఆ చిల్లులు చూసిన ఏ లాయరైనా అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: మధ్యలో ఏ పేజీ తీసేశారు, ఏ పేజీ పెట్టారు? మా బ్యాంకుకి ఒకాయన తండ్రి వీలునామా తెచ్చాడు. జిరాక్సు తీయడానికి పిన్ను తీసి మళ్ళీ వేశాడు, అంతకు మించి ఏమీ చేయలేదు. చెల్లెలు కోర్టుకెక్కింది. ఆరేళ్ళయింది, ఆ లాకరు ఇంకా తెరుచుకోలేదు. నువ్వు పిన్నులు తీయడమే కాదు, పుస్తకంగానే మార్చేశావు. అట్ట అతికించింది ఎవరు? ఆ వీలునామాతో షాపు దక్కించుకోబోయే మనిషి. నా లాయరు లేచి నిలబడి ఈ ఒక్క మాట చెబితే చాలు, నువ్వు లేనప్పుడు దానికి జవాబు చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు. వీలునామా పోతే భవనం మాదే, మొత్తం. ఆమె వంతు ఏమిటో నీ లాయరమ్మ నీకు ముందే చెప్పింది.

నీ ఉత్తరం నాకు నాలుగో తేదీన అందింది. ఇవాళ తొమ్మిది. పిన్నుల సంగతి చదివిన నిమిషంలోనే నాకు అర్థమైంది. మధ్య ఐదు రోజులూ నేనేం చేశానంటే, ఏమీ చేయలేదు. నీ ఉత్తరం సొరుగులో పెట్టి తాళం వేసి ఇంటికి వెళ్ళాను, వచ్చాను, వెళ్ళాను. నోరు మూసుకుని ఉంటే చాలు, అన్నీ వాటంతటవే జరిగిపోతాయి. నువ్వు కనిపెట్టలేవు కాబట్టి నేనే చెబుతున్నాను. నిన్న ఆమె ఫోను పెట్టేశాక సొరుగు తీశాను.

ఇరవైలోపల లాయరమ్మ దగ్గరికి వెళ్ళి కొత్తది రాయించు. కుట్టకు. ముట్టుకోకు. ఆమె దగ్గరే ఉంచమను.

దీనర్థం నేను ఒప్పుకున్నానని కాదు. నువ్వు చేసింది తప్పని ఇప్పటికీ అంటాను. కానీ గొడవ పడితే నీతో పడాలి, రెండు పిన్ను చిల్లులతో కాదు.

ఏ ఆసుపత్రి? ఏ డాక్టరు? ఈసారైనా జవాబు రాయి.

పెద్దబ్బాయి


షాపు మేడ మీద
ఆగస్టు 12

పెద్దోడికి,

ముందు చిన్నకోడల్ని తిట్టాను, ఒట్టు తప్పి ఫోను చేసినందుకు. "తిట్టండి అత్తయ్యా, మిగిలినవి ఆపరేషన్ అయ్యాక తిడుదురు గాని, దాచుకోండి" అంది. ఎదురు చెప్పడం నా దగ్గరే నేర్చుకుంది, ఎవర్ని అనను?

నిన్న ఆ నీలం పుస్తకం సంచిలో పెట్టుకుని లాయరమ్మ దగ్గరికి వెళ్ళాను. చేతిలోకి తీసుకుంది. తెరిచింది. మూసింది. వెన్ను మీద వేలు పెట్టి రాసింది. "చాలా బాగా కుట్టారమ్మా" అంది. ఆ తర్వాత బల్ల మీద తల వాల్చింది.

"చెడిపోయిందా?" అన్నాను.

"నా సర్వీసులో ఇంత అందంగా ఎవరూ చెడగొట్టలేదు" అంది. "మీకు ఈ సంగతి ఎవరు చెప్పారు?"

"దీన్ని కోర్టులో కొట్టేయించాలని చూస్తున్నవాడే చెప్పాడు."

ఆమె తలెత్తి, "ఆయన పేరేమిటి?" అని అడిగి రాసుకుంది.

పదహారో తేదీకి కొత్తది సిద్ధమవుతుంది. పాతది రద్దని అందులోనే ఉంటుంది. ఈసారి సంతకాలయ్యాక కవరులో పెట్టి సీలు వేసి ఆమె బీరువాలోనే ఉంచుతుంది. నన్ను ఆ బీరువా దరిదాపులకి రానివ్వనంది.

ఇప్పుడు నీ సంగతి. కొత్త వీలునామాలో పంపకం ఒక్క అక్షరం మారలేదు. కింది అంతస్తు చిన్నకోడలిదే. నిజం చెప్పావు కదాని నీకు ఇంకో గది ఎక్కువ రాస్తే, ఆ నిజాన్ని నేను వెలకట్టి కొన్నట్టవుతుంది. నువ్వు దాన్ని అమ్మడానికి తేలేదు. కాబట్టి నీకు ఏమీ ఎక్కువ రాదు. మందుల షాపాయనకి కూడా నేనే చెప్పాను, గోడకి రెండు వైపులా మనుషులున్నారు, టేపు ఇంట్లో పెట్టుకొమ్మని.

మారింది ఒక్కటే. నేను పోయాక ఈ వీలునామాని అమలు చేయాల్సిన మనిషిగా మొదట్లో లాయరమ్మ పేరే ఉండేది. అది కొట్టించి నీ పేరు రాయించాను. తాళాలు తీసుకోవాల్సింది నువ్వు, కింది అంతస్తు కాగితాలు చిన్నకోడలి పేరు మీదకి మార్పించి ఆమె చేతిలో పెట్టాల్సింది నువ్వు, మీ తమ్ముడు వచ్చి గొడవ చేస్తే గుమ్మంలో నిలబడి "అమ్మ ఇలాగే రాసింది" అని చెప్పాల్సింది నువ్వు. లాయరమ్మ అడిగింది, "ఇష్టం లేని మనిషి చేత ఈ పని చేయిస్తారా?" అని. తనకి ఇష్టం లేనిదాన్ని కూడా సరిగ్గా చేసేవాణ్ణి నేను ఒక్కణ్ణే కన్నానని చెప్పాను. ఐదు రోజులు ఆలస్యంగా చేస్తాడు, అది నేను సర్దుకుంటాను.

అప్పటికీ కోర్టుకి వెళ్తానంటే నీ ఇష్టం. వీలునామాని కాపాడాల్సినవాడివీ నువ్వే, కొట్టేయమని అడగాల్సినవాడివీ నువ్వే. బోనులో ఈ పక్క నుంచి ఆ పక్కకి నువ్వు పరుగులు పెడుతుంటే చూడటానికి నేను ఉండను, నాకున్న విచారం అదొక్కటే.

వద్దనే హక్కు నీకుంది. వద్దనుకుంటే రాకు, లాయరమ్మ పేరే ఉంచేస్తాం. కౌంటరు అవతలే ఉండిపోవాలని ఉంటే ఉండిపో. ఈసారి ఆపుతున్నది మాత్రం మీ నాన్న కాదు, నేనూ కాదు.

ఆసుపత్రి పేరూ డాక్టరు పేరూ వెనక రాశాను. డాక్టరు మంచివాడే, మెట్లు ఎక్కొద్దన్నాడు. లాయరమ్మ కాగితాలు తీసుకుని కిందకి వస్తానంది. నేనే వద్దన్నాను. నా ఆస్తి రాసుకోవడానికి రోడ్డు మీద ఆటోలో కూర్చుని సంతకాలు పెట్టను. ఆ మూడు అంతస్తులూ నెమ్మదిగా ఎక్కుతాను.

వస్తే పదహారున పదింటికి లాయరమ్మ ఆఫీసు గుమ్మం దగ్గర ఉండు. నీ గుర్తింపు కార్డూ రెండు ఫొటోలూ తెచ్చుకో. కార్డుకి జిరాక్సు రెండు వైపులా తీయించు. ఆ భవనం కింద ఉన్న షాపులో తీయించకు, వాడి మెషిన్ అందరి మొహాల మీదా నల్లగీత వేస్తుంది. రెండు సందులు అవతల నోటు పుస్తకాలమ్మే ఆవిడ దగ్గర తీయించు. ఇంకా, ఒక మడత కుర్చీ పట్టుకురా. ప్రతి అంతస్తు మలుపులోనూ వేస్తే రెండు నిమిషాలు కూర్చుని లేస్తాను. చేతులున్న కుర్చీ తేకు, ఆ మలుపులో పట్టదు.

అమ్మ